పరిశోధన పత్రం: దిద్దుబాటు ఎవరి పని?

అట్లాంటాకు ఉత్తరాన, జార్జియా 400 రహదారి వెంట పెరిగిన ఊరు అల్ఫారెట్టా. 2020 జనగణన ప్రకారం జనాభా సుమారు 66 వేలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడా, పక్కనున్న జాన్స్‌క్రీక్, కమ్మింగ్ ప్రాంతాల్లోనూ చాలా ఉన్నాయి. పరిశోధన పత్రం రాయడం ఒకప్పుడు విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవారి వ్యవహారం. ఇప్పుడు ఇలాంటి ఊళ్లలో కాలేజీ దరఖాస్తుకు బలం వస్తుందని హైస్కూలు పిల్లలు రాస్తున్నారు. గ్రీన్‌కార్డుకు పనికొస్తుందని ఐటీ ఉద్యోగులు రాస్తున్నారు. భాష మీదో చరిత్ర మీదో ప్రేమతో తెలుగులోనే పరిశోధన వ్యాసాలు రాసే ప్రవాసులూ ఉన్నారు.

ఇంతమంది రాస్తున్నప్పుడు ఒక పాత ప్రశ్న కొత్తగా ముందుకొచ్చింది. మొదటి డ్రాఫ్టు రాశాక దాన్ని తిరగరాయడం అంటే అసలు ఏమిటి? ఇంగ్లీషు సరిచేయడమా, ఆలోచన సరిచేయడమా, రివ్యూయర్ అడిగినవన్నీ చేర్చడమా? ఆ పని రచయితే చేయాలా, గైడు చేయవచ్చా, డబ్బిచ్చి చేయించుకోవచ్చా, కృత్రిమ మేధకు అప్పగించవచ్చా? ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో మాట్లాడుతుండడంతో చర్చ చిక్కుపడింది. దీని చరిత్రనూ, ప్రధాన వాదాలనూ, తేలని అంశాలనూ ఒకచోట పెట్టే ప్రయత్నం ఇది. తీర్పు దాచుకోవడం నాకిష్టం లేదు కాబట్టి ముందే చెబుతాను. దిద్దిన చెయ్యి ఎవరిదైనా, ఆ దిద్దుబాటుతో వాదన మెరుగుపడిందా, మారిన ప్రతి మాటకూ పేరు పెట్టుకున్న మనిషి జవాబు చెప్పగలడా అన్నవే నా దృష్టిలో అసలు కొలతలు.

సమీక్ష అనే అలవాటు

రచనను ముందు తోటి పండితులకు పంపడం, వారి అభ్యంతరాలకు తగ్గట్టు మార్చడం, ఆ తర్వాతే అచ్చు వేయడం: ఈ క్రమం సైన్సుతోపాటే పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1665లో లండన్‌లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ మొదలైనప్పుడు ఏది వేయాలో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ సొంతంగా తేల్చేవాడు. 1752లో రాయల్ సొసైటీ ఆ బాధ్యతను ఒక సంఘానికి అప్పగించింది. నిపుణులు రాతపూర్వకంగా నివేదికలు ఇచ్చే పద్ధతి 1830లలో వచ్చింది. అయినా చాలా పత్రికలు ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా ఎడిటర్ విచక్షణ మీదే నడిచాయి. ‘నేచర్’ పత్రిక ప్రతి పత్రాన్నీ బయటి నిపుణులకు పంపడం తప్పనిసరి చేసింది 1973లోనే. డీఎన్ఏ నిర్మాణం గురించి వాట్సన్, క్రిక్ రాసిన 1953 నాటి పత్రం అలాంటి సమీక్ష లేకుండానే అచ్చయింది.

అలవాటు కుదురుకోని ఆ రోజుల్లో జరిగిన ఒక సంఘటనలో నేటి చర్చలోని ముఖ్యమైన ముడులన్నీ కనిపిస్తాయి. 1936లో ఐన్‌స్టైన్, నేథన్ రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాలు ఉండవని వాదిస్తూ ఒక పత్రం రాసి ‘ఫిజికల్ రివ్యూ’కు పంపాడు. ఎడిటర్ జాన్ టేట్ దాన్ని ఒక నిపుణుడికి చూపించి, ఆయన రాసిన సుదీర్ఘమైన అభ్యంతరాల నివేదికను ఐన్‌స్టైన్‌కు తిప్పి పంపాడు. అచ్చు కాకముందే తన రచనను మరొకరికి చూపించడానికి అనుమతి ఇవ్వలేదంటూ ఐన్‌స్టైన్ కోపగించుకుని పత్రాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఆ రివ్యూయర్ హోవర్డ్ రాబర్ట్‌సన్ అని పత్రిక పాత రికార్డుల ఆధారంగా డేనియల్ కెన్నెఫిక్ 2005లో బయటపెట్టాడు. రాబర్ట్‌సన్ ఊరుకోలేదు. ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టైన్ సహాయకుడు ఇన్‌ఫెల్డ్‌తో మాట్లాడుతూ లెక్కలో లోపం ఎక్కడుందో వివరించాడు. 1937లో ఆ పత్రం మరో పత్రికలో అచ్చయ్యేసరికి శీర్షిక మారింది, ముగింపు తలకిందులైంది. ఆ తరంగాలను 2015లో పరికరాలు నేరుగా పట్టుకున్నాయి.

ఇందులో గమనించాల్సింది ఐన్‌స్టైన్ కోపాన్ని కాదు. పత్రికతో తగువు పెట్టుకున్నా ఆయన తప్పుతో మాత్రం రాజీపడలేదు. సమీక్ష వ్యవస్థను కాదన్నాడు, దిద్దుబాటును ఒప్పుకున్నాడు. ఈ రెండూ వేరువేరని ఇవాళ మనం తరచూ మరిచిపోతున్నాం.

మూడు వాదాలు

మొదటిది భాషా శుద్ధి వాదం. పరిశోధన ప్రయోగశాలలోనో గ్రంథాలయంలోనో అయిపోతుంది, మిగిలింది దాన్ని తప్పుల్లేని ఇంగ్లీషులో పెట్టడమే అని దీని నమ్మకం. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివిన చాలామందికి ఇదే సహజంగా తోస్తుంది. థీసిస్‌ను ఇంగ్లీషు మాస్టారికి చూపించి స్పెల్లింగులు దిద్దించుకుంటే రివిజన్ పూర్తయినట్టే లెక్క. దీన్ని తక్కువ చేయనక్కర్లేదు. క్రియ తప్పిన వాక్యంలో ఫలితం కూడా తప్పుగా అర్థమవుతుంది. కానీ ఈ దృష్టిలో రచన ఒక పొట్లం చుట్టే పని అయిపోతుంది.

రెండోది పునరాలోచన వాదం. 1970లలో అమెరికన్ రచనా బోధనలో డొనాల్డ్ మరే వంటివారు, పిల్లలు రాసిచ్చిన వ్యాసానికి మార్కులు వేయడం కాదు, రాసే క్రమాన్ని నేర్పాలన్నారు. 1980లో నాన్సీ సోమర్స్ విద్యార్థుల, అనుభవజ్ఞుల దిద్దుబాట్లను పక్కపక్కన పెట్టి చూసింది. విద్యార్థులకు దిద్దడమంటే మాటలు మార్చడం, పునరుక్తి తీసేయడం. అనుభవజ్ఞులకు మాత్రం తమ వాదన రూపం ఏమిటో కనుక్కోవడం. మరుసటి ఏడాది లెస్టర్ ఫైగ్లీ, స్టీఫెన్ విటీ మార్పులను రెండు రకాలుగా విడదీశారు. అర్థాన్ని తాకనివి ఒక రకం, అర్థాన్ని మార్చేవి ఇంకొకటి. విద్యార్థులతో పోలిస్తే నిపుణుల దిద్దుబాట్లలో రెండో రకం వాటా ఎక్కువని చూపించారు. అదే ఏడాది లిండా ఫ్లవర్, జాన్ హేస్ రచనను ముందుకూ వెనక్కూ నడిచే ఆలోచనా ప్రక్రియగా వర్ణించారు. రాస్తూ పోతే లక్ష్యమే మారవచ్చని వారి మాట. పరిశోధన పత్రానికి అన్వయిస్తే, ఫలితాల భాగం రాస్తున్నప్పుడే మన ప్రశ్న తప్పుగా వేశామని తెలియవచ్చు. అప్పుడు ఉపోద్ఘాతాన్ని తిరగరాయాలి, ఒక్కోసారి లెక్కలన్నీ మళ్లీ చేయాలి.

మూడోది సంప్రదింపు వాదం. పత్రం ఒక్కరి ఆలోచన మాత్రమే కాదు. రచయితకూ, రివ్యూయర్లకూ, ఎడిటర్‌కూ మధ్య కుదిరిన ఒప్పందమని ఈ వాదం అంటుంది. జాన్ స్వేల్స్ 1990లో పరిశోధన పత్రాల ఉపోద్ఘాతాలను విశ్లేషించి, రంగాన్ని పరిచయం చేయడం, అందులో ఖాళీని చూపడం, ఆ ఖాళీలో తన పనిని నిలబెట్టడం అనే మూడు కదలికలను గుర్తించాడు. రివిజన్ అంటే ఆ రంగంలోని వారు ఒప్పుకునే చోటు వెతుక్కోవడమే. ఈ చూపులో రివ్యూయర్లకు రాసే జవాబు లేఖకు పత్రంతో సమానమైన బరువుంది. ప్రతి అభ్యంతరాన్నీ ఉటంకించాలి, ఏం మార్చామో పేజీ నంబరుతో చెప్పాలి, మార్చకపోతే కారణం ఇవ్వాలి.

మూడింటిని పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. మొదటి వాదానికి పాఠకుడు వ్యాకరణం చూసేవాడు, రెండోదానికి రచయిత తానే మొదటి పాఠకుడు, మూడోదానికి పాఠకుడు ద్వారపాలకుడు. దిద్దుబాటు ఎక్కడ ఆగాలో కూడా ఈ తేడాయే నిర్ణయిస్తుంది. తప్పులు కనబడనప్పుడు ఆగుతుంది మొదటిది, చెప్పదలచింది స్పష్టమైనప్పుడు రెండోది, ఎడిటర్ నుంచి ఆమోదం వచ్చినప్పుడు మూడోది. నా మొగ్గు రెండోదానివైపే. మూడోదాన్ని అదుపు లేకుండా వదిలితే రివ్యూయర్ చెప్పిన ప్రతిదానికీ తలూపే పత్రాలు తయారవుతాయి. అడిగినవారి పనులన్నీ సైటేషన్లుగా చేరి, సొంత వాదన అడుగున పడిపోతుంది.

ఒక తెలుగు ఉదాహరణ

పునరాలోచనకు మంచి నమూనా కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. ఆ కృషి నుంచి వచ్చిన ‘తెలుగు వెర్బల్ బేసెస్’ 1961లో పుస్తకంగా వెలువడింది. అందులో తెలుగునూ గోండి, కొండ, కుయి, కువి భాషలనూ ఒక ఉపకుటుంబంగా చూపి, ఆ ఉపకుటుంబాన్ని మధ్య ద్రావిడంలో చేర్చారు. తర్వాతి ఆధారాలు ఆ అమరికను నిలవనివ్వలేదు. ఈ భాషలు దక్షిణ ద్రావిడానికే దగ్గరివని ఆయనే వాదించారు. 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన ‘ది ద్రవిడియన్ లాంగ్వేజెస్’లో అవి దక్షిణ ద్రావిడం రెండో శాఖగా కనిపిస్తాయి.

అంతకన్నా ఆసక్తికరమైన సంగతి మరొకటి ఉంది. ఈ శాఖలోని భాషల్లో పదాది అచ్చు, హల్లు చోటు మార్చుకునే ధ్వని పరిణామం ఆయన మొదటి పుస్తకంలోనే ప్రధానాంశం. 1978లో ‘లాంగ్వేజ్’ పత్రికలో దాన్నే మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి ఆ మార్పు అన్ని పదాలకూ ఒక్కసారిగా తగలలేదనీ, ఒక్కో పదాన్నీ పట్టుకుంటూ ప్రాంతం నుంచి ప్రాంతానికి పాకిందనీ చూపించారు. 1983లో గణాంక నిపుణుడు మోజెస్‌తోనూ, డాన్‌ఫర్త్‌తోనూ కలిసి, మారని పదాల లెక్క ఆధారంగా భాషల బంధుత్వాన్ని తేల్చే పద్ధతిని అదే పత్రికలో ప్రతిపాదించారు. తొలి పుస్తకంలోని సామగ్రే నాలుగు దశాబ్దాల పాటు కొత్త ప్రశ్నలతో తిరిగి తిరిగి పరిశీలనకు వచ్చింది. ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువుకూ ఇదే చరిత్ర. బరో, ఎమెనోలు 1961లో ప్రచురించారు, 1968లో అనుబంధం చేర్చారు, 1984లో సవరించిన కూర్పు తెచ్చారు. అచ్చయిన పుస్తకాన్ని కూడా డ్రాఫ్టుగానే చూసిన తరం అది.

తెలుగు ఆలోచన, ఇంగ్లీషు పేరా

ఇంగ్లీషు మాతృభాష కానివారి రచనను ఎలా దిద్దాలన్న దానిపై పాత గొడవ ఒకటుంది. 1966లో రాబర్ట్ కాప్లాన్, ఒక్కో భాషా సమూహం పేరాను ఒక్కో ఆకారంలో నడుపుతుందంటూ బొమ్మలు గీశాడు. ఇంగ్లీషువారిది నిటారు గీత, ప్రాచ్యులది సుడి. ఆ బొమ్మలు దశాబ్దాల పాటు తరగతి గదుల్లో తిరిగాయి. ఇవి సంస్కృతులను మూసలో పోస్తున్నాయని విమర్శలు రాగా, తాను అతిగా చెప్పానని కాప్లానే 1987లో ఒప్పుకున్నాడు. శ్రీలంక తమిళుడైన సురేశ్ కనగరాజా 2002 నాటి పుస్తకంలో చర్చను మరోవైపు తిప్పాడు. తేడా ఆలోచనల ఆకారంలో లేదు. పత్రికలు ఎవరి చేతుల్లో ఉన్నాయి, కాగితం నుంచి గ్రంథాలయం దాకా వనరులు ఎవరికి అందుతున్నాయి అన్నదానిలో ఉందని ఆయన వాదన.

తెలుగువారికి ఇందులో పట్టించుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి వాక్యం. 1990లో గోపెన్, స్వాన్ రాసిన ప్రసిద్ధ వ్యాసం, ఇంగ్లీషు పాఠకుడు వాక్యం మొదట్లో తెలిసిన విషయాన్నీ, చివర్లో కొత్తదాన్నీ ఆశిస్తాడని చెప్పింది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, బరువైన మాట సాధారణంగా క్రియకు ముందు నిలుస్తుంది. ఆ అలవాటుతో రాసిన ఇంగ్లీషు వాక్యంలో అసలు ఫలితం మధ్యలో ఇరుక్కుని, చివర ఏదో ఒక పొడి పదబంధం మిగులుతుంది. వ్యాకరణ పరీక్ష దీన్ని పట్టుకోదు. దిద్దేటప్పుడు ప్రతి వాక్యం చివరి మూడు నాలుగు మాటలనూ విడిగా చదివితే లోపం దొరికిపోతుంది.

రెండోది వాదన అమరిక. మన శాస్త్ర సంప్రదాయంలో ఎదుటివాడి మాటను పూర్వపక్షంగా, అతనే ఒప్పుకునేంత న్యాయంగా నిలబెట్టి, ఆ తర్వాతే ఖండించి సిద్ధాంతం చెబుతారు. ఆధునిక పత్రం ముగింపును సారాంశంలోనే మొదట అడుగుతుంది కనుక ఈ వరుసతో ఇబ్బంది రావచ్చు. కానీ రివ్యూయర్లకు రాసే జవాబుకు ఇంతకన్నా మంచి శిక్షణ లేదు. అభ్యంతరాన్ని బలహీనంగా చూపి కొట్టేయడం కాకుండా, దాని బలమంతా ఒప్పుకుని జవాబు చెప్పడం పూర్వపక్షం నేర్పిన విద్యే. మన పిల్లలకు ఇది వారసత్వంగా అందాలి. అందడం లేదు.

భాష వల్ల పడే భారం ఊహ కాదు. 2023లో పీఎల్ఓఎస్ బయాలజీలో తత్సుయా అమానో బృందం ఎనిమిది దేశాల నుంచి 908 మంది పర్యావరణ శాస్త్రజ్ఞులను అడిగి చూసింది. ఇంగ్లీషు మాతృభాష కానివారి పత్రాలు రాత కారణంగా తిరస్కరణకు గురయ్యే అవకాశం సుమారు రెండున్నర రెట్లు. భాష మెరుగుపరచమని తిప్పి పంపే అవకాశం పన్నెండు రెట్లకు పైగా. ఆ ఎనిమిది దేశాల్లో భారతదేశం లేదు. అయినా వరంగల్‌లోనో అనంతపురంలోనో పేపరు రాసే స్కాలర్‌కు ఈ లెక్క కొత్తగా అనిపించదు.

అల్ఫారెట్టాలో ఎవరు ఎందుకు దిద్దుతున్నారు

ముందు పిల్లల సంగతి. కాలేజ్ బోర్డు నడిపే ఏపీ రీసెర్చ్ కోర్సులో విద్యార్థి 4,000 నుంచి 5,000 పదాల పత్రం రాసి, దాన్ని మౌఖికంగా సమర్థించుకోవాలి. టీచరు ప్రశ్నలు వేయవచ్చు గానీ రచనను తిరగరాయకూడదు, సరిదిద్దకూడదు. దిద్దుబాటు విద్యార్థి సొంతమన్నది ఆ నిబంధన సారం. హార్వర్డ్ పరిశోధక విద్యార్థులు 2011లో మొదలుపెట్టిన ‘జర్నల్ ఆఫ్ ఎమర్జింగ్ ఇన్వెస్టిగేటర్స్’ వేరే దారి పట్టింది. అక్కడ శాస్త్రజ్ఞులు పిల్లల పత్రాలు చదివి వివరమైన అభ్యంతరాలు రాస్తారు, పిల్లలు వాటికి తగ్గట్టు మార్చి మళ్లీ పంపుతారు. రెండూ సరైన దారులే. ఒకటి సహాయాన్ని కట్టడి చేసి నేర్పుతుంది, ఇంకోటి సహాయాన్ని బాహాటంగా ఇచ్చి నేర్పుతుంది.

వీటి పక్కనే మూడో దారి పెరిగింది. కాలేజీలో సీటు కోసం హైస్కూలు పిల్లలను డబ్బు తీసుకుని ‘రచయితలు’గా చేసే వ్యాపారం గురించి ప్రోపబ్లికా 2023లో వివరంగా రాసింది. వేల డాలర్లు కట్టే ఇంటికి ఒకే ప్రశ్న చాలు: మెంటర్ చేసిన మార్పుల్లో ఏదైనా ఒకదాన్ని ఎందుకు చేశారో పిల్ల చెప్పగలదా? చెప్పలేకపోతే ఆ పేపరు ఆమెది కాదు.

పెద్దల వ్యవహారం ఇంకా గంభీరమైనది. ఉపాధి ఆధారిత గ్రీన్‌కార్డుల కోసం భారతీయుల క్యూ దశాబ్దాల పొడవున్న సంగతి ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. ఆ క్యూ తప్పించుకోవడానికి, అసాధారణ ప్రతిభ గలవారికి ఉద్దేశించిన ఈబీ-1ఏ వర్గం వైపు చూసేవారు పెరిగారు. దాని నిబంధనల్లో పది ప్రమాణాలున్నాయి, కనీసం మూడు చూపాలి. పండిత వ్యాసాలు రాయడం వాటిలో ఒకటి, ఇతరుల పనిని సమీక్షించడం మరొకటి. 2010లో కజారియన్ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత అధికారులు ముందు ప్రమాణాలు లెక్కపెట్టి, ఆపైన మొత్తం ప్రతిభను తూస్తున్నారు. నిజంగా కొత్త పని చేసిన ఇంజనీరు దాన్ని పత్రంగా రాయడంలో తప్పేమీ లేదు. పరిశ్రమలో పుట్టిన జ్ఞానం చాలావరకు కంపెనీ గోడల మధ్యే ఉండిపోతుంది. అది బయటికి రావడం మంచిదే. చిక్కు ఎక్కడంటే, పత్రం ఉందా లేదా అన్న లెక్కే మిగిలినప్పుడు దిద్దుబాటు అడ్డుగా కనిపిస్తుంది. మేజర్ రివిజన్ అంటే ఆర్నెల్లు ఆలస్యం. ఏ ప్రశ్నా అడగకుండా వారంలో వేసే పత్రిక వరంలా తోస్తుంది.

అలాంటి పత్రికల చరిత్రలో మన హైదరాబాద్ పేరు ఉండడం బాధాకరం. అక్కడ కేంద్రం ఉన్న ఓమిక్స్ గ్రూపు మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష జరుగుతుందని చెప్పి పరిశోధకులను మోసగించిందన్నది ప్రధాన ఆరోపణల్లో ఒకటి. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. అంతకుముందు 2013లో జాన్ బొహానన్ ‘సైన్స్’ పత్రిక కోసం, కావాలనే తప్పులు పెట్టిన కల్పిత పత్రాన్ని 304 పత్రికలకు పంపితే 157 ఆమోదించాయి. భారతదేశంలో యూజీసీ 2018లో తన ఆమోదిత పత్రికల జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించింది. పీహెచ్‌డీ థీసిస్ సమర్పించాలంటే ముందు పత్రం అచ్చవ్వాలన్న 2016 నాటి నిబంధనను 2022లో ఎత్తేసింది. పత్రాన్ని టిక్కెట్టుగా మార్చిన ప్రతి నిబంధనా దిద్దుబాటు లేని పత్రాలకు గిరాకీ పెంచిందన్నది ఈ అనుభవం.

తెలుగులో రాసేవారికి ఈ ఒత్తిళ్లేవీ లేవు. అమెరికా తెలుగువారు 1998లో మొదలుపెట్టిన ‘ఈమాట’ రచనలను సమీక్షకులకు చూపించి, మార్పులు సూచించి, ఆ తర్వాతే ప్రచురించే పద్ధతి పెట్టుకుంది. దిద్దమంటే చిన్నబుచ్చుకునే రచయితలు మనకెప్పుడూ తక్కువ కారు. జీతం, పదోన్నతి, వీసా ఏదీ రాని చోట కూడా అలాంటి పద్ధతి ఇన్నేళ్లుగా నిలిచిందంటే దాని విలువ వేరే చెప్పాలా?

యంత్రం దిద్దితే

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మొదటి వాదం కోరే భాషా శుద్ధి పని దాదాపు చవకైపోయింది. వ్యాకరణం, వాక్యపు నునుపు నిమిషాల్లో దొరుకుతున్నాయి. భాషాభారం మోసేవారికి ఇది నిజమైన న్యాయం. కానీ అనుమానం కూడా వారి మీదే పడుతోంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏఐ రాతను పట్టిస్తామనే ఏడు సాధనాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ కోసం రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రం రాసినవని అవి తప్పుగా ముద్ర వేశాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల విషయంలో దాదాపు తప్పు చేయలేదు. సాదా పదాలతో జాగ్రత్తగా రాయడమే ఆ సాధనాల దృష్టిలో నేరమైంది.

పత్రికలు ఒక విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చాయి: బాధ్యత మోయలేదు కాబట్టి యంత్రం రచయిత కాదు. ప్రచురణ నైతికతను చూసే కోప్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ఇదే ప్రకటించింది. వాడితే చెప్పాలి అన్నంత వరకూ చాలా పత్రికలు ఒప్పుకుంటున్నాయి. ఎంతవరకు వాడితే చెప్పాలన్నదే తేలలేదు. యంత్రం దిద్దుబాటులో నాకు కనిపించే ప్రమాదం వేరు. అది బలహీనమైన వాదనకు నిండైన వాక్యాలు తొడుగుతుంది. సందేహంగా చెప్పిన ఫలితాన్ని నిశ్చయంగా మార్చేస్తుంది. ‘కావచ్చు’ అన్నచోట ‘అవుతుంది’ చేరితే ఆ ఒక్క మార్పుతో పరిశోధన అబద్ధమవుతుంది.

తేలనివి

బయటి సమీక్ష వల్ల జరిగే దిద్దుబాటు పత్రాన్ని నిజంగా బాగుచేస్తుందా? 1994 నాటి ఒక అధ్యయనంలో ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’కు వచ్చిన 111 పత్రాలను సమీక్షకు ముందూ తర్వాతా పోల్చారు. కొలిచిన 34 అంశాల్లో 33 మెరుగుపడ్డాయి, ముఖ్యంగా పరిమితులు ఒప్పుకోవడం, ముగింపుల్లో అతి తగ్గించడం. ఇటీవలి చిత్రం అంత స్పష్టంగా లేదు. కోవిడ్ కాలంలో సమీక్షకు ముందే బయటపెట్టిన ప్రిప్రింట్లను అచ్చయిన రూపాలతో పోల్చిన 2022 నాటి అధ్యయనంలో, కోవిడ్ పత్రాల్లో 17.2 శాతం, మిగతావాటిలో 7.2 శాతం సారాంశాల్లోనే ముగింపు గుర్తించదగినంతగా మారింది. ఆ మార్పుల్లోనూ చాలావరకు అసలు అర్థాన్ని తిరగేసేవి కావు. రివ్యూయర్ల అభిప్రాయాల మధ్య పొంతన కూడా తక్కువే. 2014లో కృత్రిమ మేధ రంగానికి చెందిన నిప్స్ సదస్సు కొన్ని పత్రాలను రెండు వేర్వేరు కమిటీలకు పంపితే, ఒక కమిటీ ఒప్పుకున్నవాటిలో సగానికి పైగా రెండోది కాదంది.

దీన్నుంచి కొందరు సమీక్షే దండగ అంటారు. నేను అలా చదవను. పెద్ద మార్పులు పత్రికకు పంపకముందే జరుగుతున్నాయని, సహాధ్యాయుల మధ్య, గైడు గదిలో, సదస్సులో వేసిన ప్రశ్న దగ్గర జరుగుతున్నాయని ఈ లెక్కలు సూచిస్తున్నాయని నా అంచనా. దాన్ని కొలిచినవారు తక్కువ, ఎందుకంటే ఆ డ్రాఫ్టులు ఎవరూ దాచరు. ‘ఈలైఫ్’ పత్రిక 2023 నుంచి సమీక్షకు పంపిన పత్రాలకు ఆమోదం, తిరస్కరణ అనే ముద్రలు మానేసి, సమీక్షలను పత్రంతోపాటే బయటపెడుతోంది. దిద్దాలా వద్దా అన్నది రచయితకే వదిలింది. ద్వారపాలకుడు లేకపోయినా జనం దిద్దుకుంటారా అన్నది మరికొన్నేళ్లకు గాని తెలియదు.

ఇంకొక లోటుంది. తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషులో పరిశోధన రాసేవారు ఎలా దిద్దుకుంటారు, ఏ భాషలో ఆలోచించి ఏ భాషలో కొట్టేస్తారు అన్నది మన విశ్వవిద్యాలయాలు తీసుకోవాల్సిన పరిశోధనాంశం. హైదరాబాద్, విశాఖ, తిరుపతి విభాగాల్లో డ్రాఫ్టులతో సహా థీసిస్‌లు భద్రపరిస్తే పదేళ్లలో దానికి తగిన సామగ్రి సిద్ధమవుతుంది.

అల్ఫారెట్టా తెలుగువారికి నా విన్నపం ఒకటే. ఊరి మధ్యలో ఫుల్టన్ కౌంటీ లైబ్రరీ శాఖ ఉంది. నెలకొకసారి అక్కడ పదిమంది కూర్చుని, ఒకరి పత్రాన్ని మిగతావారు చదివి, దాని మీద ప్రశ్నలు రాసి ఇవ్వండి. పిల్లలూ, ఇంజనీర్లూ, భాషాభిమానులూ ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఏ పత్రికైనా ఒక్క ప్రశ్నా వేయకుండా మీ పత్రాన్ని ఒప్పుకుంటే దాన్ని వెనక్కి తీసుకుని ఆ బల్ల మీద పెట్టండి.